సీలు వేసిన ఎనిమిది పెట్టెలు

శివరాము నన్ను స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకోమన్నాడు. నా చెల్లెలి ఇంట్లో, మా అమ్మ ముందర, టైపు కొట్టడానికి వచ్చిన ఎనిమిది మంది ఆడపిల్లల ముందర. కోపంగా అనుంటే ఎప్పుడో మరిచిపోయి ఉందును. నవ్వుతా అన్నాడు. "మీకెందుకు బావా శ్రమ" అన్నాడు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ అరగలేదు.

శివరాము మా ఆండాళు మొగుడు. బీయస్సీ చదివి, దాని మీద కంప్యూటరు డిప్లొమా ఒకటి చేసి, రెండు సర్టిఫికెట్లూ ఫ్రేము కట్టించి హాల్లో తగిలించినోడు. నేను మునిరాజును. ఎనిమిదో క్లాసులో బడి మానేసి, హార్బరు పక్కన తొండియార్‌పేటలో రేడియోలూ టీవీలూ బాగుచేసే షాపు పెట్టుకున్నోణ్ణి. కానీ తొంభై తొమ్మిదో సంవత్సరం ఎండాకాలంలో, మా రెండు కుటుంబాల్లో కంప్యూటరు లోపల ఏముందో తెలిసినోణ్ణి నేనొక్కణ్ణే. మూర్ మార్కెట్టులో పాత ఇంగ్లీషు కంప్యూటరు పుస్తకాలు ఏరుకొచ్చి, డిక్షనరీ పక్కన పెట్టుకొని, బొమ్మలూ నంబర్లూ చూసి నేర్చుకున్నాను. రిచ్చీ స్ట్రీట్లో ఒక్కొక్క ముక్కా కొని నా షాపు బల్ల మీద నేనే ఒక మిషను బిగించినాను. దానికి మూత లేదు. మూతెందుకు? లోపల ఏం జరుగుతా ఉందో కనపడాల గదా.

ఢిల్లీలో సర్కారు ఒక్క ఓటుతో పడిపోయిన మరుసటి రోజు ఆదివారం. పొద్దున్నే శివరాము, ఆండాళు మా ఇంటికి వచ్చినారు. వాళ్ళిల్లు మా వీధి చివరే. అమ్మ చెంగమ్మ రాత్రిళ్ళు నా దగ్గర పడుకుంటుంది గానీ పగలంతా ఆడనే. నేను పేపరు చదువుతా, "ఒక్క ఓటు! బోర్డు మీద చిటికెన వేలి గోరంత జంపరు పీకేస్తే మిషనంతా ఆగిపోదూ, అట్టనే ఇదీ" అంటా ఉన్నాను. ఎవరూ వినలేదు. అందరూ శివరాము ఏం చెప్తాడా అని చూస్తా ఉండారు.

"బావా, మంచి పని ఒకటి దొరికింది" అన్నాడు. "హార్బరు దగ్గర, ఓడ సరుకులు విడిపించే క్లియరింగ్ కంపెనీ. ముప్పై ఏళ్ళ లెక్కల కార్డులన్నీ కంప్యూటరులోకి ఎక్కించాల. రెండు వేల సంవత్సరం పుడితే వాళ్ళ పాత మిషన్లకి తేదీ తెలీకుండా పోతుందని భయం. జూన్ ముప్పైలోగా ముగించి ఇచ్చేయాల."

"ఇచ్చేయ్. నన్నడిగేదేముంది?"

"ఎనిమిది మిషన్లు కొనాల. ఏకాంబరం దుడ్లు ఇస్తానన్నాడు. నేల కాయితం అడుగుతా ఉండాడు."

ఏకాంబరం మా వీధిలో వడ్డీకిచ్చే మనిషి. నేల అంటే షోళింగనల్లూరులో మా నాయన, హార్బరులో రిటైరైనప్పుడు వచ్చిన దుడ్లతో, నా పేరునా ఆండాళు పేరునా కలిపి కొన్నది. ఆడ ఇల్లు కట్టుకోవాలని నాకు పదేళ్ళ ఆశ. మనలి ఫ్యాక్టరీల నుంచి గాలి తిరిగిందంటే మా వీధిలో అన్నం ముద్ద కూడా గ్యాసు వాసనే. షరతు సుళువుగా చెప్పినాడు శివరాము: ముప్పైలోగా పని అయిపోతే కంపెనీ దుడ్లిస్తుంది, కాయితం వెనక్కి వస్తుంది; కాకపోతే జులైలో నేల ఏకాంబరం పేరుకు రాసివ్వాల.

నేను పేపరు మడిచి పక్కన పెట్టినాను. అమ్మ కొంగుతో మొహం తుడుచుకుంటా, "సంతకం పెట్టరా. వాడు నీ మాదిరి రేడియోలో దూరి కూర్చునేవాడు కాదు, ముందుకు పోయేవాడు" అనింది.

"మిషన్లు ఎవరు ఏరేది?" అన్నాను.

"మీరే బావా. మీకంటే తెలిసినోళ్ళెవరు?"

అందరి ముందరా అన్నాడు ఆ మాట. నేను సంతకం పెట్టింది ఆ మాటకి. నేలకి కాదు, దుడ్లకి కాదు.

ఆ వారమంతా నేను షాపులో ఒక్క టీవీ ముట్టలేదు. లిస్టు రాసినాను. ఎనిమిదీ సెలెరాన్ మూడొందలు, అంటే మూడొందల వేగంతో నడిచే చవక చిప్పు. బోర్డు మీద ఒక సెట్టింగు మారిస్తే అదే చిప్పు నాలుగొందల యాభైకి పరిగెత్తుతుంది, సగం దుడ్లకే. ఆ సంగతి అప్పుడు రిచ్చీ స్ట్రీట్లో చెవులు కొరుక్కునేవాళ్ళు. కంప్యూటరు చిప్పు పక్కన క్యాష్ అని ఒకటుంటుంది, పనిచేసేవాడు చేతికందేచోట పెట్టుకునే గూడు మాదిరి. ఖరీదైన పెంటియం టూకి పెద్ద గూడు, కానీ అది చిప్పులో సగం వేగంతోనే పలుకుతుంది. సెలెరాన్‌ది దాంట్లో నాలుగో వంతు గూడు, కానీ చిప్పుతో సమానంగా పూర్తి వేగం. నాకు ఆ పేజీ చదివినప్పుడు ఒళ్ళు పులకరించింది. అది మా ఇద్దరి గురించే రాసినట్టుండింది. డిగ్రీ పెద్దది, వేగం సగం. బడి చిన్నది, వేగం నిండా.

మే ఒకటో తేదీ వ్యాన్ వచ్చి వాళ్ళింటి ముందర ఆగింది. అట్టపెట్టెలు దించినారు. ఎనిమిదీ పేరున్న కంపెనీవి. పెంటియం టూ. ప్రతి పెట్టె వెనకా, మూత అతుకు మీద, వెండి రంగు కాయితం అతికించి ఉంది: చించితే వారంటీ చెల్లదు.

"మాప్పిళ్ళె, ఇదేంది?" అన్నాను నా చెల్లెలి మొగుణ్ణి.

"బ్రాండెడ్ మిషన్లే ఉండాలని అగ్రిమెంటులో ఉంది బావా. నేనూ ఆఖర్లోనే చూసినా. మీకు చెప్దామనుకున్నా..."

"సరి. లోపల ఏం పెట్టినారో చూద్దాం ఉండు" అని స్క్రూడ్రైవరు తీసినాను. అప్పుడే ఆ మాట అన్నాడు, నవ్వుతా. ఆ ఎనిమిది మంది పిల్లల్లో సెలీనా అని చురుకైనది ఒకతి ఉంది. అది నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని పక్కదానితో, "మెకానిక్ అన్నే కత్తి తీసినాడు, సారు లోపల పెట్టేయమన్నాడు" అనింది. అందరూ నవ్వినారు. మా అమ్మ కూడా.

నేను ఆ ఇంటికి పోవడం మానేసి ఉండాల. మానలేకపోయినాను. రోజూ సాయంత్రం షాపు నుంచి వచ్చేటప్పుడు గుమ్మంలో నిలబడి చూసేవాణ్ణి. ఎనిమిది తెరలు, ఎనిమిది కీబోర్డుల చప్పుడు, మధ్యలో శివరాము టై కట్టుకొని నడుస్తా ఉంటాడు. ఇంట్లో టై! ఆండాళు అందరికీ మజ్జిగ ఇచ్చేది. నాకూ ఇచ్చేది, గుమ్మంలోనే.

కత్తిరి ఎండలు, మే నెలలో నెత్తి మాడ్చేవి, మొదలైనాయి. మొదటి శుక్రవారం అట్టనే పోయి, కాసేపు నిలబడి, మజ్జిగ తాగి బయల్దేరినాను. వీధి మలుపు దాకా పోయినాక కళ్ళద్దాలు ఆడనే మరిచిపోయింది గుర్తొచ్చి వెనక్కి తిరిగినాను. తలుపు దగ్గరగా వేసి ఉంది. సందులోంచి సాంబ్రాణి వాసన. ఆండాళు ఎడమ చేతిలో సాంబ్రాణి ధూపం పట్టుకొని, కుడి పిడికిట్లో ఉప్పూ ఎండుమిరపకాయలూ బిగించి, ఒక్కొక్క కంప్యూటరుకీ మూడు చుట్లు తిప్పుతా ఉంది.

సెలీనా అడిగింది, "ఎవరి కన్ను అక్కా ఇంత జోరుగా తీస్తా ఉండావు?"

"ఎవరిదైతే ఏం, వచ్చిపోయినోళ్ళది."

"వచ్చిపోయిందెవరు, మెకానిక్ అన్నేగా?"

ఆండాళు ఇంకో చుట్టు తిప్పింది. జవాబు అమ్మే చెప్పింది, కూరగాయలు తరుగుతా. "వానిదేలే. నా కడుపున పుట్టినా ఉన్నది ఉన్నట్టు చెప్పాల. వాడు చిన్నప్పుడు పక్కింటోళ్ళ రేడియో చూసి బాగుందన్నాడు, ఆ సాయంత్రమే అది మూగబోయింది. తర్వాత వాడే పోయి రిపేరు చేసి ఎనిమిదణాలు తీసుకున్నాడు."

పిల్లలు పడీపడీ నవ్వినారు. ఆండాళు కూడా నవ్వింది, నవ్వి మిరపకాయలు నిప్పుల్లో వేసింది. నేను కళ్ళద్దాలు లేకుండానే ఇంటికి పోయినాను.

కానీ ఆ సందులోంచి ఇంకొకటి కూడా చూసినాను. సాంబ్రాణి పొగ పైకి పోలేదు. పెట్టెల వెనక ఉండే జల్లెడలోంచి లోపలికి పోతా ఉంది, ఎవరో పీలుస్తా ఉన్నట్టు. ఆ తరహా పెట్టెల్లో కరెంటు డబ్బా ఫ్యాను బయటిగాలిని లోపలికి లాగి సరిగ్గా ప్రాసెసరు చిప్పు మీదికి ఊదుతుంది. దాని మీద, చిప్పు కాగిపోకుండా, ఇంకో చిన్న ఫ్యాను ఉంటుంది. సాంబ్రాణి జిగురు. దాంట్లో మా వీధి దుమ్ము కలిస్తే ఏమవుతుందో, టీవీలు తెరిచి పాతికేళ్ళు దుమ్ము తిన్నోణ్ణి, నాకు తెలుసు.

చెప్పొచ్చు. మరుసటి రోజు పొద్దున్నే పోయి, "అమ్మా ఆండాళూ, పొగ ఆపు" అని ఒక్క మాట అని ఉండొచ్చు. ఎవరి కన్నుకి భయపడి వేస్తా ఉందో ఆ మనిషే పోయి పొగ ఆపమని ఎట్ట చెప్పేది?

మే నెల మధ్యలో కార్గిల్ వార్తలు మొదలైనాయి. ఇంగ్లండులో క్రికెట్ కప్పు. మా వీధిలో అందరూ టీవీల ముందరే, నాకు చేతినిండా పని. అయినా సాయంత్రం ఆడికి పోయేవాణ్ణి. ఒక రోజు గుమ్మంలో నిలబడితే మూడో మిషను గొంతు మారిపోయి వినపడింది. మామూలుగా సన్నగా పాడే ఫ్యాను, గొంతులో కళ్ళె అడ్డం పడినట్టు గరగరమంటా ఉంది. ఇంకో రెండు రోజులకి ఆరోది. నాలుగు రోజులకి మూడోదాని చప్పుడే లేదు. ఫ్యాను ఆగిపోయింది. చప్పుడు తగ్గినందుకు ఆ పిల్లలకి హాయిగా ఉన్నట్టుంది.

అప్పట్నుంచి మిషన్లు బిగుసుకుపోవడం మొదలైంది. పొద్దున బాగానే ఉంటాయి. పదకొండు గంటలకి ఎండ ముదిరేసరికి తెర కదలదు, కీబోర్డు పలకదు. ఆపి మళ్ళీ వేస్తే పది నిమిషాలు. ఏప్రిల్ ఆఖర్లో ఊరంతా ఒక వైరస్ వచ్చి వేల మిషన్లు పోయినాయని పేపర్లలో వచ్చింది గదా, అందరికీ అదే భయం. శివరాముది డిప్లొమా పుస్తకంలో చదివిన భయం కూడా. వైరస్ అనే తేల్చేసినాడు. షోరూమువాళ్ళు కూడా ఫోనులోనే, "వైరస్సే సార్, మనిషిని పంపిస్తాం" అన్నారంట. మనిషి రాలేదు.

ఆండాళుకి మాత్రం అది వైరస్ కాదు. మిషను బిగుసుకున్నప్పుడల్లా ఇంకో పిడికెడు సాంబ్రాణి వేసేది. శుక్రవారాలు పోయి రోజూ అయింది.

జూన్ మొదటి వారం, మధ్యాహ్నం రెండు గంటలకి, శివరాము నా షాపుకి వచ్చినాడు. టై లేదు. చొక్కా తడిసిపోయి ఉంది. బల్ల మీద మూత లేని నా మిషను నడుస్తా ఉంది. దాన్ని కాసేపు చూసినాడు.

"ఎంతలో పోతా ఉంది బావా?"

"నాలుగొందల యాభై. పొద్దున్నించీ ఆపలేదు."

"ఇంత ఎండలో బిగుసుకోలేదా?"

"ఎందుకు బిగుసుకుంటుంది?"

స్టూలు లాక్కొని కూర్చున్నాడు. "ఒక్కసారి వచ్చి చూస్తారా? నాకేం అర్థం కాలా. మీకు చెవితోనే తెలుస్తుందని ఆండాళు చెప్తా ఉంటుంది."

ఆండాళు అట్ట చెప్తుందని నాకు తెలీదు. ఒక్క క్షణం నా చెయ్యి సొరుగు మీదికి పోయింది. అందులో షేవింగు బ్రష్షు, కుట్టుమిషను నూనె ఉన్నాయి. అంతకంటే ఏమీ అక్కరలేదు. ఎనిమిది మిషన్లకి ఒక గంట పని. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"సీలుందే మాప్పిళ్ళె. చించితే వారంటీ పోదూ?"

వాడు తల దించుకున్నాడు. "ఆ రోజు అందరి ముందరా అట్ట అని ఉండకూడదు" అన్నాడు.

"ఛ, ఛ. దాందేముంది. కంపెనీ మనిషి వస్తాడుగా, సర్టిఫికెట్ ఉన్నోడు. అడుగు."

మెల్లిగా లేచి పోయినాడు. ఆ రోజు నేను ఎంత సంతోషంగా అన్నం తిన్నానో రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తా ఉన్నాను. రెండు సార్లు రసం పోసుకున్నాను. నా లెక్క ఇది: ఇంకో వారం ఉడకనీ. మళ్ళీ వస్తాడు, ఈసారి నా షాపులో ఒంటరిగా కాదు, వాళ్ళింట్లో, ఆ పిల్లలందరి ముందరా అడుగుతాడు. అప్పుడు నేను పోయి, సీలు వాడి చేతనే చింపించి, ఒక్క గంటలో అన్నీ పాడించి వస్తాను. జూన్ ముప్పైకి ఇంకా బోలెడు రోజులుండాయి. కార్డులు ముక్కాలు భాగం అయిపోయినాయని సెలీనా చెప్పింది కూడా. నేల ఎక్కడికీ పోదు.

శివరాము రాలేదు. వారం అయింది, రెండు వారాలయింది. క్రికెట్ కప్పు ఫైనలు కూడా అయిపోయింది. ఆ మరుసటి రోజు సోమవారం పొద్దున అమ్మ షాపుకి వచ్చింది. ఎప్పుడూ రాదు. మెట్టు మీదే నిలబడి, "ఆ ఇంట్లో ఎవరూ అన్నం తినలా. నీకు తెలిసిందేమన్నా ఉంటే పోరా" అనింది.

బ్రష్షూ నూనే తీసుకొని పోయినాను. నడుస్తా ఉంటే పెళ్ళికొడుకు మాదిరి ఉండింది నాకు. హాల్లో అందరూ ఉండారు, ఎవరూ టైపు కొట్టడం లేదు. శివరాము గోడకు ఆనుకొని కింద కూర్చున్నాడు.

"చించేదా?" అన్నాను.

"చించండి బావా."

మొదటి సీలు గోటితో గీకినాను. మూత ఊడదీసినాక సెలీనా "అయ్యయ్యో" అనింది. ప్రాసెసరు మీద ఫ్యాను నల్లగా, తారు పూసినట్టుంది. వేలితో తిప్పితే తిరగలేదు. బ్రష్షుతో దులిపినాను, కిరసనాయిలు గుడ్డతో తుడిచినాను, స్టిక్కరు ఎత్తి ఒక్క చుక్క నూనె. స్విచ్చి వేస్తే సన్నగా పాడింది. నిప్పు మాదిరి ఎండలో ఒక గంటసేపు ఆపకుండా నడిపి చూపించినాను. ఒకటి తర్వాత ఒకటి, ఎనిమిదీ. చివరి మూత బిగించి, లేచి, చేతులు తుడుచుకున్నాను.

"వైరస్ లేదు, ఏం లేదు. పొగ. అంతే. ఇంక కూర్చోండి, మీ కార్డులు తెరవండి."

ఎవరూ కదల్లేదు.

"ఏ కార్డులు అన్నే?" అనింది సెలీనా. "మొన్న శనివారమే సారు అన్ని డిస్కులూ తుడిపించేసినాడు. వైరస్ పోవాలంటే అదొక్కటే దారని."

"ఫ్లాపీల్లో కాపీ ఉంటుందే?"

"వాటిలోకీ ఎక్కి ఉంటుందని అవీ తుడిచేసినాం. నూటా పది ఫ్లాపీలు. నేనే కూర్చొని ఒక్కొక్కటీ తుడిచినా."

ముప్పై ఏళ్ళ కార్డులు. మిగిలింది తొమ్మిది రోజులు. ఎనిమిది ఫ్యాన్లు ఒకే శ్రుతిలో పాడతా ఉండాయి, హాల్లో అదొక్కటే చప్పుడు.

శివరాము లేచి వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. "మీరుండబట్టి మిషన్లన్నా మిగిలినాయి బావా" అన్నాడు. నిజంగానే అన్నాడు. వాడికి అట్టాంటి మాటలు వెటకారంగా అనడం రాదు.

ఆండాళు నన్ను వాకిలి దాకా దిగబెట్టడానికి వచ్చింది. ఇంతకు ముందు ఎప్పుడూ రాలేదు. చెప్పులేసుకుంటా ఉంటే మెల్లిగా అడిగింది.

"అన్నా, పొగ అని నీకు ఎప్పట్నుంచి తెలుసు?"

"ఇప్పుడే. మూత తీసినాక."

"బ్రష్షూ నూనే షాపు నుంచే తెచ్చుకున్నావే."

నేను చెప్పుల వారు సరిచేసుకుంటా ఉన్నాను. సరిచేసుకోవడానికి ఏమీ లేకపోయినా. ఆమె లోపలికి పోయింది. ఆ సాయంత్రం ఆ ఇంట్లో సాంబ్రాణి వేయలేదు. నేను వచ్చిపోయినాక కూడా వేయలేదు. అమ్మ పడుకోవడానికి మా ఇంటికి రాలేదు. ఆ రోజు నుంచి రాత్రిళ్ళు కూడా ఆడనే ఉండిపోయింది.

పిల్లలు తొమ్మిది రోజులు వేళ్ళు విరిగేటట్టు కొట్టినారు. మిషన్లు ఒక్కసారి కూడా బిగుసుకోలేదు. నాలుగో వంతు కూడా కాలేదు. కంపెనీవాళ్ళు కార్డులు తిరిగి తీసుకుపోయినారు.

జులై రెండో వారం రిజిస్ట్రారు ఆఫీసులో మేం నలుగురం బెంచీ మీద కూర్చున్నాం. ఏకాంబరం ఒక చివర, నేను ఒక చివర, మధ్యలో ఆండాళు, శివరాము. ఏకాంబరం మాకందరికీ కాఫీ తెప్పించినాడు. ఆండాళు మొదట సంతకం పెట్టింది. నా వంతు వచ్చినప్పుడు జేబులో పెన్ను లేదు. శివరాము తనది తీసి, మూత విప్పి, పట్టుకునేవైపు నా చేతికి వచ్చేట్టు తిప్పి ఇచ్చినాడు. ఆండాళు వాడికి చెప్పిందో లేదో నాకు ఇప్పటిదాకా తెలీదు. చెప్పలేదని ఒక రోజు అనిపిస్తుంది. చెప్పినా వాడు నన్ను ఏమీ అనలేదని ఇంకో రోజు అనిపిస్తుంది, అప్పుడు వాడి మీద ఇంకా ఎక్కువ మండుతుంది.

గుమాస్తా పత్రం గట్టిగా చదివినాడు. తూర్పున ఇరవై అడుగుల దారి. పడమర వేరేవాళ్ళ ఖాళీ ప్లాటు. షోళింగనల్లూరు గ్రామం, లేఅవుటులో పదిహేడో నంబరు, ఒక గ్రౌండు, అంటే రెండువేల నాలుగు వందల చదరపుటడుగులు. అందులో ఆండాళుది సగం. నాది పన్నెండు వందలు.